మాస్టారి చెయ్యి, నా క్రాపు

మా స్టూడియోలో రీటచింగ్ మాస్టారి నాలుక ఎప్పుడూ నల్లగా ఉండేది. జబ్బేమీ కాదు. ఫొటోల మీద మచ్చలు దిద్దే సన్నటి కుంచెను రంగులో ముంచి, మొన తేలడానికి నాలుక చివర ఒక్కసారి తిప్పేవారు. రోజుకి వందసార్లు, అలా పాతికేళ్ళు. "అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని మా పిల్లల్ని భయపెట్టడానికి కూడా లేదు. వెంటనే వాళ్ళ నాన్న వంక చూస్తారు" అనేవారు ఆయన భార్య.

స్టూడియో బోర్డు మీద ఉన్నది మా అన్నయ్య పేరు. నడిపేది మాత్రం మా వదిన. స్కూళ్ళ గ్రూపు ఫొటోలంటూ అన్నయ్య ఎప్పుడూ బయటే తిరిగేవాడు. కింద కౌంటర్లో వదిన, ఆ వెనక తెర కట్టిన గదిలో కెమెరాతో నేను, చెక్కమెట్లెక్కితే మేడమీద కిటికీ పక్కన మాస్టారు. ఆయన గదిలో ఒక బల్ల, ఒక భూతద్దం, చేతులు అరిగిన ఒక కుర్చీ. నేను చేరేనాటికే ఆయన అక్కడున్నారు. ఆ కుర్చీ ఆయనకి తగ్గట్టు అరిగిందో, కుర్చీకి తగ్గట్టు ఆయనే ఒంగారో చెప్పలేను.

కళ్ళ విషయంలో మాస్టారికి పెద్ద పేరు. గ్రూపు ఫొటో తీస్తే ఎవరో ఒకరు సరిగ్గా ఆ క్షణంలోనే రెప్ప వేస్తారు. అలా మూసుకుపోయిన కళ్ళను తెరవడం ఆయన పని. నేను తీసిన ఫొటోల్లో ఈ బాపతు మరీ ఎక్కువ. "నువ్వు ఒకటీ, రెండూ, మూడూ అని లెక్కపెడుతుంటే జనానికి నిద్రొస్తోందోయ్" అనేవారు. మనిషిది ఇంకో ఫొటో దొరికితే సరే. దొరక్కపోతే ఇంట్లోవాళ్ళని పిలిపించి ఆరా తీసేవారు. ఒకసారి ఒకావిడని, "మీ ఆయనకి కోపమొస్తే కళ్ళు పెద్దవవుతాయా, చిన్నవవుతాయా?" అని అడిగారు. "ఎప్పుడూ చూళ్ళేదండీ, ఆయనకి కోపమొస్తే నేను వంటింట్లో ఉంటాను" అందావిడ. ఆ సమాధానం నుంచి కూడా ఆయన రెండు కళ్ళు గీశారు. సరిపోయాయి.

కంప్యూటర్ వచ్చేనాటికి ఆయనకి యాభై దాటాయి. ఇక మాస్టారి పని అయిపోయిందని నేనే నలుగురితోనూ అన్నాను. మూడు నెలల్లో ఆయన దాన్ని లొంగదీసుకున్నారు. నల్లటి ప్లాస్టిక్ పలక మీద ప్లాస్టిక్ పెన్నుతో గీస్తే తెరమీద గీత పడుతుంది. మొదలుపెట్టే ముందు ఆ పెన్ను మొన కూడా నాలుక మీద తిప్పేవారు.

"దానికి రంగు లేదు కదా మాస్టారూ."

"నాలుకకి ఆ సంగతి తెలియదు కదోయ్."

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఆయన సొంతంగా తయారుచేసుకున్న కుంచెలు నలభై దాకా ఉండేవి. వాటికి చుట్టాల పేర్లు పెట్టుకున్నారు. మెత్తగా పడి, పడినట్టే తెలియకుండా కలిసిపోయేది చిన్నమ్మ. గరుకుగా పడేది మేనత్త. ఒకసారి పెడితే ఎంత తుడిచినా మరక మిగిల్చేది తోడల్లుడు. పని సాగుతున్నంతసేపూ మేడమీంచి గొణుగుడు వినిపిస్తూ ఉండేది: "తోడల్లుడు ఎక్కువయ్యాడు, కాస్త తగ్గించాలి." కింద కూర్చున్న కొత్తవాళ్ళు, పైన ఏదో ఇంటి తగాదా నడుస్తోందని సర్దుకుని కూర్చునేవారు.

ఇక నా ఘనకార్యం.

ఊళ్ళో నూలు మిల్లు మూతపడబోతోంది. అందులో పనిచేసే నలభై మందీ విడిపోయే ముందు గ్రూపు ఫొటో దిగారు. ఒక్కొక్కరికీ గోడకి వేలాడదీసుకునేంత పెద్ద కాపీ కావాలన్నారు. తీసింది నేనే. కళ్ళు మూసినవాళ్ళు ఆరుగురు. మాస్టారు ఆ పని మొదలుపెట్టబోతున్న రోజులవి.

నాకప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్ళు. జుట్టు నాకు చెప్పకుండానే సెలవు తీసుకుంది. నాతో చదువుకున్నవాళ్ళంతా కలిసి ఒక ఆల్బమ్ వేస్తున్నారు, ఇప్పటి ఫొటో పంపమని ఉత్తరం రాశారు. నా ఫొటో నేనే తీసుకున్నాను. లైటు ఎటు తిప్పినా నెత్తి మెరిసింది. ఫొటోగ్రాఫర్‌గా అంత చక్కటి మెరుపు ఇంకెవరికీ తీసుకురాలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నం స్టూడియో మూసి ఉంటుంది. నా దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. పిల్లిలా మేడెక్కి, మాస్టారి కుర్చీలో కూర్చుని, నా నెత్తి మీద వెంట్రుకలు గీయడం మొదలుపెట్టాను. గంట గడిచేసరికి ఒత్తుగా క్రాపు, పక్కపాపిట. నన్ను చూసి నాకే ముచ్చటేసింది. సరిగ్గా అప్పుడు కింద మెట్టు కిర్రుమంది. వదిన చెప్పుల చప్పుడు.

ఫైలు మూయబోతే, మార్పులు దాచమంటావా వద్దంటావా అని కంప్యూటర్ అడిగింది. ఆలోచించి జవాబు చెప్పే తీరిక నాకెక్కడిది? బల్ల కింద దూరి, కంప్యూటర్ వెనకనుంచి మానిటర్ వైరు పీకేశాను. తెర నల్లబడింది.

"బల్ల కింద ఏం చేస్తున్నావు మరిదీ?"

"దుమ్ము, వదినా. దుమ్ము తుడుస్తున్నా."

"ఆదివారం పూట వచ్చి దుమ్ము తుడుస్తున్నావా? ఒంట్లో బాగానే ఉందా?"

మరిచిపోయిన కళ్ళజోడు కోసం వచ్చిన మనిషి, ఆ కళ్ళజోడు పెట్టుకుని మరీ నిలబడింది. నేను జేబురుమాలుతో ఆ గది నాలుగు మూలలూ తుడిచేదాకా కదల్లేదు. ఆమె వెళ్ళాక మళ్ళీ బల్ల కింద దూరి, చేతికి తగిలిన రంధ్రంలో వైరు గుచ్చాను. తెర వెలిగింది. నా క్రాపు చెక్కుచెదరలేదు. దాన్ని ఎవరూ వెతకని మూల దాచి ఇంటికి వెళ్ళిపోయాను.

సోమవారం నుంచి మేడమీద గొణుగుడు ఆగిపోయింది.

నేను పట్టించుకోలేదు. మాస్టారు మాత్రం స్టూడియో తెరవకముందే వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు. నాలుగో రోజు టీ తీసుకుని పైకి వెళ్ళాను. మిల్లు ఫొటోలో ఒక మనిషి కనురెప్ప గీస్తున్నారు. పెన్ను రెప్ప ఈ చివరనుంచి ఆ చివరకి వెళ్ళిపోయి ఆగింది. తెరమీద గీత మాత్రం అప్పుడే బయల్దేరింది, అలిగిన ఇల్లాలు బజార్లో మొగుడి వెనక నాలుగడుగులు ఎడంగా నడిచినట్టు. ఫొటోని దగ్గరికి లాగితే గళ్ళుగళ్ళుగా విడిపోయి, మళ్ళీ అతుక్కోడానికి ఆలోచిస్తోంది.

"చూశావా నా చెయ్యి" అన్నారు మాస్టారు, తిరిగి చూడకుండానే.

"చెయ్యేమిటి మాస్టారూ, మెషీన్ అయ్యుంటుంది."

"మెషీన్ అయితే మిగతావన్నీ బాగానే నడుస్తున్నాయేం? ఉత్తరం టైపు చేస్తే అక్షరం టక్కున పడుతోంది. నేను గీస్తేనే ఆలస్యం. ఏదీ, నువ్వు గీయి."

గీశాను. అదీ ఆలస్యంగానే వచ్చింది. కాని నా గీత ఏనాడూ నా మాట విన్నది కాదు కాబట్టి, ఇద్దరికీ తేడా తెలియలేదు.

"మా నాన్నకీ ఈ వయసులోనే మొదలైంది. గడ్డం గీసుకోవడం మానేశాడు" అన్నారు. నన్ను ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. వైరు సంగతి నా బుర్రకి తట్టనే లేదు. తెర వెలుగుతోందిగా మరి.

పదో రోజున ఆయనే కిందికి వచ్చి వదిన ఎదురుగా నిలబడ్డారు. "వచ్చే నెలనుంచి నేను రాలేనమ్మా. ఈ ఆరుగురి కళ్ళూ ఇంకెవరిచేతైనా చేయించండి. నా చేతిలో పాడవుతాయి." వదిన ముందున్న రసీదుల పుస్తకం మూసేసింది. పనివేళలో ఆమె దాన్ని మూయడం నేను చూడటం అదే మొదటిసారి. ఆయన భార్యని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

ఆయన అటు వెళ్ళగానే వదిన కొంగు బిగించింది. "చెయ్యి సంగతి డాక్టరు చూస్తాడు. మెషీన్ సంగతి మనం చూద్దాం. కంప్యూటర్ మెకానిక్‌కి ఫోన్ కలుపు."

మెకానిక్ వాళ్ళ చెల్లెలింటికని వేరే ఊరు వెళ్ళాడు. ఫోన్లోనే చెబుతానన్నాడు. వదిన స్పీకర్ పెట్టించి, నా పక్కనే నిలబడింది.

"సాఫ్ట్‌వేర్ తెరిచేటప్పుడు ఏమైనా చీటీలాంటిది వస్తోందా అన్నా?"

వస్తోంది. గ్రాఫిక్స్ కార్డు దొరకడం లేదని రాసి ఉంది. పది రోజులుగా మాస్టారు దాని కింద 'సరే' నొక్కి పని మొదలుపెడుతున్నారు.

"సెట్టింగుల్లోకి వెళ్ళు. గ్రాఫిక్స్ ప్రాసెసర్ వాడమని ఒక గడి ఉంటుంది. టిక్ ఉందా?"

"లేదు. బూడిదరంగులో ఉంది. నొక్కినా ఉలుకూ పలుకూ లేదు."

"అదీ సంగతి. లోపల ఇద్దరుంటారన్నా. ఒకడు అన్ని పనులూ చేసేవాడు. రెండోవాణ్ణి బొమ్మల పనికోసమే పెట్టాం, వాడే గ్రాఫిక్స్ కార్డు. ఇప్పుడు మీ సాఫ్ట్‌వేర్‌కి ఆ రెండోవాడు కనపడటం లేదు. బరువంతా మొదటివాడి నెత్తిన పడింది. అంత పెద్ద ఫొటో వాడేం లాగుతాడు?"

వదిన నా వైపు చూసింది. "అంటే చేతిది కాదన్నమాట" అంది నెమ్మదిగా.

కార్డుని నడిపించే డ్రైవర్ కొత్తది ఎక్కించమన్నాడు. ముప్పావుగంట పట్టింది. గడి బూడిదరంగులోనే ఉంది. సెట్టింగులన్నీ చెరిపేసి మొదటికి తెద్దామన్నాడు.

"అలా చేస్తే మాస్టారి కుంచెలు?" అన్నాను.

"పోవచ్చు."

"చిన్నమ్మా, మేనత్తా, అందరూ పోతారా?" అంది వదిన. "వద్దు నాయనా, ఇంకేదైనా చెప్పు."

"ఎవరు పోతారండీ?" అన్నాడు మెకానిక్, కంగారుగా.

అది సర్దిచెప్పాక, కాసేపాగి అడిగాడు: "ఈ మధ్య వెనకవైపు వైర్లు ఎవరైనా కదిలించారా?"

"లేదు" అంది నా నోరు, నాకంటే ముందే.

"అయినా చూడు. మానిటర్ వైరుకి వెనకాల రెండు రంధ్రాలు ఉంటాయి. పైనొకటి, కిందొకటి, అచ్చం కవలల్లా. కిందది కార్డుది. పైది మొదటివాడిది. పైదాంట్లో పెట్టినా తెర వెలుగుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కాని అప్పుడు కార్డు ఊరికే కూర్చుంటుంది."

బల్ల కింద దూరాను. వైరు పైదాంట్లో ఉంది. ఆ ఆదివారం అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. బల్ల కిందనుంచి వదిన పాదాలు కనపడుతున్నాయి. బొటనవేలు నేలమీద తాళం వేస్తోంది.

"ఎందులో ఉంది?"

"కిందదాంట్లోనే ఉంది వదినా" అంటూ, పైదాంట్లోంచి తీసి కిందదాంట్లో గుచ్చాను.

"తెర ఆరిపోయిందేం?"

"మోచెయ్యి తగిలింది."

కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాం. చీటీ రాలేదు. గడిలో టిక్ పడింది. కుంచె పెన్నుతోపాటే పరిగెత్తింది. "కొత్త డ్రైవర్ ఇప్పటికి పట్టినట్టుంది" అన్నాను. మెకానిక్ తన గొప్పేనని ఒప్పేసుకున్నాడు. అందరికీ మంచే జరిగింది, నా నెత్తి సంగతి ఎవరికీ తెలియలేదు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న మాస్టారు ఖాళీ సంచీతో వచ్చారు. సొరుగులోంచి పాత కుంచెలు తీసి కట్ట కట్టారు. భూతద్దాన్ని తువ్వాల్లో చుట్టారు. చేతిలో ఏ లోపమూ లేదని డాక్టరు అన్నాడట.

"మరి ఇంకేం మాస్టారూ?"

"డాక్టరుకేం తెలుసు? చెయ్యి చాపమన్నాడు, చాపాను. కనురెప్ప గీయించి చూశాడా?"

"మెషీన్ బాగైంది. ఒక్కసారి కూర్చుని చూడండి."

"నువ్వు మొదట్నుంచీ మెషీనే అంటున్నావు. నీది మంచి మనసోయ్. పిల్లాడు పడితే నేలని కొట్టి, తప్పు నేలదే అంటామే, అలా ఉంది."

"నిజమే మాస్టారూ, డ్రైవర్ మార్చాం" అంది వదిన, మెట్లమీద నిలబడి.

"మీరిద్దరూ అనుకునే వచ్చారమ్మా, నాకు తెలుసు." ఆయన కుర్చీ వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. "మళ్ళీ కూర్చుని, మళ్ళీ ఆ గీత వెనకపడితే, ఈసారి చూడలేను. వదిలెయ్యండి."

సంచీ భుజానికి తగిలించుకున్నారు. అప్పటికి నాకు అర్థమైంది. ఆయన మా మంచితనాన్ని నమ్ముతున్నారు, అందుకే మా మాట నమ్మడం లేదు.

"మాస్టారూ, మానిటర్ వైరు పీకింది నేను. మళ్ళీ పెట్టేటప్పుడు తప్పు రంధ్రంలో పెట్టాను."

"ఎందుకు పీకావు?"

అక్కడే వచ్చింది చిక్కు.

"క్రాపు పెట్టుకుంటుంటే వదిన వచ్చింది."

"క్రాపా? ఎవరికి?"

"నాకే. నా ఫొటోకి."

వదిన మెల్లగా మెట్టు మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు నవ్వలేదు. నా మొహంలోకి చాలాసేపు చూశారు.

"ఇలాంటిది ఎవడూ కల్పించి చెప్పుకోడు" అన్నారు. "ఏదీ, చూపించు."

చూపించాను. వదిన లేచి వచ్చి, "ఎవరీ అబ్బాయి?" అంది. మాస్టారు సంచీ భుజానే ఉంచుకుని తెరమీదికి వంగారు. ఆయన మొహంలో రంగులు మారాయి.

"ఏమిటిది? వెంట్రుకలన్నీ ఒకేవైపుకి, గడ్డి కోసి పరిచినట్టు. వెలుతురు కుడినుంచి వస్తుంటే మెరుపు ఎడమపక్క పెట్టావా? ఏ కుంచెతో వేశావు?"

"తోడల్లుడితో."

"జుట్టుకి తోడల్లుడేమిటోయ్, బుద్ధుందా? లే అవతలికి."

సంచీ జారి కిందపడింది. ఆయన కూర్చున్నారు. పెన్ను మొన నాలుక మీద తిప్పుకుని, చిన్నమ్మని తీసుకుని, పాపిట దగ్గరనుంచి చెవి దాకా ఒక్క వెంట్రుక గీశారు. అది పెన్నుతోపాటే వచ్చి, పెన్నుతోపాటే ఆగింది.

ఆయన చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. ఇంకొకటి గీశారు, కాస్త వేగంగా. ఇంకొకటి. తరవాత నా నెత్తి మీద సున్నాలు చుట్టడం మొదలుపెట్టారు, పిచ్చిపట్టినట్టు, ఎంత వేగంగా తిప్పగలరో అంత వేగంగా. గీత ఒక్కసారి కూడా పెన్నుని వదల్లేదు. నా తల కాకిగూడులా తయారైంది. ఎవరూ నవ్వలేదు.

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తప్పయిపోయింది మాస్టారూ" అన్నాను.

"ఈ పది రోజులూ మా ఆవిడ నాకు టీ సగం గ్లాసే పోసింది, తెలుసా? తొణుకుతుందని. అడిగితే పాలు తక్కువొచ్చాయంది." కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఇవాళ ఇంటికెళ్ళి నిండుగా పోయమనాలి."

మిల్లువాళ్ళ ఆరుగురి కళ్ళూ మూడు రోజుల్లో తెరుచుకున్నాయి. నా క్రాపు కథ అంతకంటే ముందే ఊరంతా తిరిగొచ్చింది. వదిన కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది, మెకానిక్‌కి రెండుసార్లు చెప్పింది. ఆ క్రాపుని సరిచేసి పెట్టమని నేను సిగ్గువిడిచి అడిగితే మాస్టారు ఒప్పుకోలేదు. "నెత్తి అలా వదిలెయ్. ఈ మొహానికి అదే కుదిరింది" అన్నారు. ఆల్బమ్‌కి బట్టతలతోనే, ఉన్నది ఉన్నట్టే పంపాను.

ఆయన ఆ తరవాత ఏడేళ్ళు పనిచేశారు. ఒక మధ్యాహ్నం మేడమీంచి నన్ను పిలిచారు. ఒక ఆఫీసువాళ్ళ గ్రూపు ఫొటో తెరిచి ఉంది. రెండో వరసలో ఒకామె కళ్ళు మూసింది. కుడికన్ను అయింది. ఎడమకన్ను దగ్గర గీతలు ముళ్ళకంపలా ఉన్నాయి.

"ఒకసారి వెనక చూడవోయ్. ఏమైనా పీకావేమో."

బల్ల కింద దూరాను. వైరు కిందదాంట్లోనే, గట్టిగానే ఉంది. కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. తరవాత, "అవును మాస్టారూ, కాస్త వదులైంది, బిగించాను" అన్నాను.

ఆయన మళ్ళీ గీశారు. గీత పెన్నుతోపాటే వచ్చింది. పెన్నే వణికింది.

"నీకు అబద్ధం ఏనాడూ చేతకాలేదు" అన్నారు, నవ్వుతూ. కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోమన్నారు. తను పక్కన ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నారు. "ఈ కన్ను నువ్వు చెయ్యి. తొందరేం లేదు."

సాయంత్రం దాకా చేశాను. పూర్తయ్యాక ఆయన తెరకి దగ్గరగా వంగి చూసి, "ఊఁ" అన్నారు. ఆ మాత్రం మాట కోసం నేను అన్నేళ్ళు మెట్లెక్కానని అప్పుడే తెలిసింది. ఫొటో తీసుకెళ్ళినవాళ్ళు ఏ తేడా కనిపెట్టలేదు. దాని కాపీ ఒకటి నా దగ్గర ఉంది. ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చూస్తాను. ఆమె కుడికన్ను తిన్నగా మన వైపే చూస్తుంది. ఎడమది కొద్దిగా, చాలా కొద్దిగా, పక్కకి పోయింది. నేను మాటిమాటికీ పీట వైపు చూస్తూ గీసినందువల్లేనేమో.